అప్పు తీర్చే రోజుల్లో తోడు ఎలా వెతుక్కోవాలి

2021 నవంబరులో ఒక ఆదివారం రాత్రి, పిల్లలు పడుకున్నాక, నేనూ నా భార్యా వంటింట్లో కింద కూర్చుని మా అప్పులన్నీ ఒక పాత ప్రశ్నపత్రం వెనక రాశాం. నాన్న స్నేహితుడికి రాసిచ్చిన ప్రోనోటు 2,00,000. బ్యాంకు పర్సనల్ లోన్ 1,46,500. ఆమె నగలు కుదువ పెట్టి తెచ్చింది 1,10,000. మహిళా సంఘంలో 75,000. క్రెడిట్ కార్డు 68,000. లోన్ యాప్ 22,000. కిరాణా కొట్టు ఖాతా 18,500. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. అన్నీ కూడితే 6,40,000 వచ్చింది. అప్పటిదాకా ఇద్దరం "ఓ నాలుగు లక్షలుంటుందేమో" అనుకుంటూ వచ్చాం.

2020 మార్చిలో బడులు మూతపడగానే జీతం ఆగింది. 2021 మేలో నాన్నకు కరోనా వచ్చి తొమ్మిది రోజులు ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. నాన్న క్షేమంగా ఇంటికి వచ్చారు. అప్పు అలా అయింది.

ఏ అప్పు ముందు కట్టాలన్నది త్వరగా చెప్పేస్తాను. యాప్, ఆ తర్వాత క్రెడిట్ కార్డు, ఆ తర్వాత మిగతావి, అంటే వడ్డీ ఎక్కువ ఉన్నది ముందు. నగల మీద వడ్డీ మాత్రం గడువు దాటకుండా కట్టుకుంటూ రావాలి, లేకపోతే వేలం నోటీసు వస్తుంది. కార్డు మీద "కనీస మొత్తం" కట్టి ఊరుకుంటే ఏళ్లు గడిచినా అసలు తరగదు. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే సంగతి. ఆ నలభై నెలలు మేము నిలబడ్డది లెక్కల వల్ల ఒక్కటే కాదు, మనుషుల వల్ల. ఆ మనుషులు వాళ్లంతట వాళ్లు రాలేదు. మేము నోరు తెరిచాక వచ్చారు. ఎలా తెరవాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ఒక్కరికి చెప్పండి, చెప్పేముందు ఈ మాట అనండి

అప్పులున్న మనిషి "మీతో కాస్త మాట్లాడాలి" అంటే ఎదుటివాళ్లకు వెంటనే వచ్చే టెన్షన్ ఒకటే, ఎంత అడుగుతాడో అని. ఆ టెన్షన్‌లో మన మాట చెవికెక్కదు. అందుకే మా స్కూల్లో సైన్స్ సార్‌తో నేను మొట్టమొదట అన్న మాట ఇది: "సార్, డబ్బు అడగడానికి రాలేదు, ముందు ముందు అడగను కూడా. నాకు ఆరు లక్షల నలభై వేల అప్పుంది. ఇంటి బయట ఒక్కరికైనా ఆ సంగతి తెలిసి ఉండాలని చెప్తున్నా."

ఆయన తింటున్న డబ్బా పక్కన పెట్టారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మరి నేనేం చెయ్యాలి?" అన్నారు.

ఏం అడగాలో ముందే అనుకుని వెళ్లాను. "నెలనెలా 10వ తేదీన, ఈ నెల ఎంత తగ్గింది అని అడగండి. అంతే సార్."

ఆయన ఒక్క నెల కూడా మర్చిపోలేదు. ఎండాకాలం సెలవుల్లో ఫోన్ చేసి అడిగేవారు. సున్నా అని చెప్పాల్సి వచ్చిన నెలలు ఐదారు ఉన్నాయి. అప్పుడు "పోనీలెండి, పెరగలేదు కదా" అనేవారు. ఆ మాట కోసమే నేను కొన్ని నెలలు కొత్తగా చేబదులు తీసుకోకుండా ఆగాను.

ఎవరికి చెప్పాలి అంటే, దగ్గరి చుట్టాలకు వద్దనే నా అభిప్రాయం. వాళ్లకు మన అప్పు వినగానే మన పెళ్లి ఖర్చు దగ్గర్నుంచి అన్నీ గుర్తొస్తాయి. ఇంకో సంగతి కూడా చూడండి. మీ దగ్గర కూర్చుని వేరేవాళ్ల ఇంటి గుట్టు విప్పేవాళ్లు, మీ గుట్టు కూడా ఇంకోచోట విప్పుతారు. మీతో ఎప్పుడూ అలా మాట్లాడని మనిషిని ఎంచుకోండి.

సాయం అడిగితే చిన్నది, ఇదీ అని చెప్పగలిగేది అడగండి

"మా పరిస్థితి కాస్త చూడండి" అంటే ఏం చూడాలో ఎవరికీ తెలియదు. పాపం అనుకుని ఊరుకుంటారు. మా పక్కింటి పిన్నిగారిని నేను ఇలా అడిగాను: "పిన్నిగారూ, మీ ముందుగది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ట్యూషన్‌కి ఇస్తారా? ఊడ్చి తాళం చెవి మీ చేతికే ఇస్తాం. కరెంటు బిల్లులో సగం మాది." ఆవిడ అద్దె వద్దన్నారు. ఆరుగురు పిల్లలతో మొదలైంది, రెండో ఏడాదికి ఇరవై మంది అయ్యారు. మొదటి రోజు నేను వెళ్లేసరికి గుమ్మం పక్కన స్టీలు బిందెలో నీళ్లు, మీద ప్లేటు, ప్లేటు మీద బోర్లించిన రెండు గ్లాసులు ఉన్నాయి. పిల్లలకని. అవి పెట్టమని నేను అడగలేదు. ఆ గదిలో పాఠం చెప్పినన్నాళ్లూ ఆ బిందె నిండుగానే ఉంది.

ఇలాంటివి చాలా అడగవచ్చు. పై తరగతి పిల్లల పాత పుస్తకాలు. ఒకే దారిలో వెళ్లే బండి మీద వెనక సీటు. చీరలకు ఫాల్ కుట్టించుకునేవాళ్లు ఎవరైనా ఉంటే మా ఇంటికి పంపమని ఒక మాట. నా భార్య ఈ చివరిది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్యను అడిగింది. నెలకు నాలుగైదు వేల పని ఆమె వల్లే వచ్చేది.

అడగకుండా వచ్చింది తీసుకోవడం ఇంకా కష్టం. 2021 ఏప్రిల్‌లో మా రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. రేషన్ షాపు లైనులో నిలబడితే నాకు పదో తరగతి పిల్లలు ఎదురైనట్టే అనిపించింది. డీలరు నన్ను గుర్తుపట్టాడు. "సార్, సంచి భుజాన వేసుకోకండి, మా అబ్బాయి బండి మీద తెస్తాడు" అని గొంతు తగ్గించి అన్నాడు. నేను వద్దు వద్దు అంటూ మోసుకొచ్చేశాను. ఇంటికి వచ్చాక నా భార్య, "ఆయన మర్యాద చేస్తే ఎందుకు కాదన్నావు?" అంది. రెండో నెల సరే అన్నాను. ఎవరైనా చిన్న మంచి చేస్తుంటే "సరే, చాలా థాంక్స్" అనడం నేర్చుకోండి. వద్దు వద్దు అంటే చేసేవాళ్ల మనసూ చిన్నబోతుంది.

అప్పిచ్చినవాళ్ల దగ్గరికి గడువుకు ముందే వెళ్లండి

గడువు దాటాక వెళ్తే మనం దొంగలం, ముందే వెళ్తే మనుషులం. నాన్న స్నేహితుడు వైరా దగ్గర ఒక పల్లెలో మిర్చి రైతు. ఆయన్ని పెదనాన్న అంటాను. నోటు మీద వడ్డీ నూటికి 2 రూపాయలు, అంటే నెలకు 4,000. ఏడాదికి లెక్కేస్తే 24 శాతం. ప్రతి నెలా 3వ తేదీన బస్సెక్కి వెళ్లి, వడ్డీ ఇచ్చి, అసలు కింద ఐదొందలో వెయ్యో అదనంగా పెట్టేవాణ్ని. ఫోన్‌పేలో పంపొచ్చు, కానీ మొహం చూపించడం వేరు. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు రాసి ఫొటో తీసుకునేవాణ్ని. చెల్లు పడి నా సంతకం ఉంటే నోటు మీద దావా వేసే గడువు అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు, అది ఆయనకు ధైర్యం. ఎంత కట్టామో రాతలో ఉంది, అది నాకు ధైర్యం. ఏడో నెల ఆయనే అన్నారు, "ఇక నుంచి రూపాయిన్నర వెయ్యిరా, మిగిలింది అసల్లో పడుతుంది." నేను అడగలేదు. ఏడుసార్లు వెళ్లినందుకు దక్కింది.

బ్యాంకులో కూడా వాయిదా తప్పకముందే వెళ్లి మాట్లాడితే నెలలు పెంచి కిస్తీ తగ్గించారు. తప్పాక వెళ్తే ఆ మాట వినడం కష్టం.

మా సంఘం ఆడవాళ్ల సంగతీ అంతే. ఒకళ్లు కట్టకపోతే పది మందికీ మాట వస్తుంది. అందుకే కట్టలేని నెల నా భార్య మీటింగుకు వారం ముందే చెప్పింది. ఇద్దరు చెరో వెయ్యి వేసి ఆమె వాయిదా నింపారు. తర్వాతి నెల వాళ్లవి ముందు ఇచ్చి, తర్వాతే మా ఇంటి సరుకులు తెచ్చుకున్నాం.

దయ దొరకనిచోట రూల్స్ తెలిసి ఉండాలి. లోన్ వసూలుకు ఫోన్ చేసేవాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022 ఆగస్టులో గట్టిగా చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పులకైతే 9 నుంచి 6 లోపే. తిట్టడం, చుట్టాలకూ స్నేహితులకూ ఫోన్ చేసి పరువు తీయడం కుదరదు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఫిర్యాదులు వినే అధికారికి, ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు, వివరాలకు 14448. యాప్ వాళ్లు ఫొటోలు మార్చి బెదిరిస్తే అది సైబర్ నేరం, 1930కి ఫోన్ చేయండి.

మమ్మల్ని ఒక యాప్ ఇలాగే బెదిరించింది. నా ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెడతామన్నారు. ఆ రాత్రి నేనే ముందు అందరికీ ఒక మెసేజ్ పెట్టాను: "నా పేరు మీద చెడ్డ మెసేజ్ రావచ్చు. ఒక లోన్ యాప్ వాళ్లు పంపేది. దయచేసి తెరవకుండా డిలీట్ చేయండి, ఫోన్‌లో బ్లాక్ చేయండి." పంపాక ఫోన్ బోర్లా పెట్టి కూర్చున్నాను. చేతులు చల్లబడ్డాయి. మర్నాడు ఉదయం మొదట వచ్చిన ఫోన్ మా స్కూల్ హిందీ మేడమ్‌ది. మెసేజ్ వచ్చిందని గానీ రాలేదని గానీ అనలేదు. "సార్, తిన్నారా?" అని అడిగారు. తినలేదన్నాను. "ముందు తిని రండి, ఫస్ట్ పీరియడ్ నేను చూసుకుంటా" అన్నారు.

మీ తోటివాళ్లకు ఎవరికైనా ఇలాంటిది జరిగిందని తెలిస్తే అలా అడగండి. ఎంత అప్పు, ఎందుకు చేశావు అని కాదు.

కిరాణా కొట్టు ముందు నుంచే నడవండి

ఖాతా పేరుకుపోయాక నేను మూడు నెలలు వెనక సందులోంచి తిరిగి వెళ్లాను. సరుకులు వేరే కొట్టులో నగదుకి తెచ్చేవాణ్ని. అప్పున్న కొట్టు వదిలి నగదు ఇంకో కొట్టులో పెట్టడం కంటే ఆ మనిషికి చేసే అవమానం లేదని నాకు తర్వాత అర్థమైంది. ఒకరోజు వెళ్లి, "సేఠ్, ప్రతి 5వ తేదీన 500 ఇస్తాను, ఈ రోజు నుంచి కొనేదంతా నగదు" అన్నాను. ఆయన పుస్తకం తీసి, ఎర్ర ఇంకుతో "జమ 500" అని రాసి, పుస్తకం నావైపు తిప్పి చూపించాడు. వాళ్ల అబ్బాయి తొమ్మిదో తరగతి, లెక్కల్లో వెనకబడ్డాడు. వాణ్ని ట్యూషన్‌లో ఊరికే కూర్చోమన్నాను. ఆయన ఫీజు ఖాతాలో జమ కట్టబోతే వద్దన్నాను. అప్పులో ఉన్నా ఇవ్వడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. అది ఇచ్చిన రోజు తల ఎత్తుకుని నడుస్తాం.

పెళ్లిళ్లు కూడా మానకండి. మేము 116 చదివించి, పంక్తిలో వడ్డనకు నిలబడేవాళ్లం. ఎవరూ ఏమీ అనలేదు. ఒకరిద్దరు అనుకుని ఉంటే అనుకోనీ.

గోడ మీద 64 గళ్లు

6,40,000 అంటే పదివేల చొప్పున 64 గళ్లు, చదరంగం బల్లలాగా ఎనిమిది ఎనిమిదులు. గ్రాఫ్ కాగితం మీద గీసి బీరువా తలుపు లోపల అంటించాం. వడ్డీ లెక్కలోకి రాదు, అసలు పదివేలు తగ్గితేనే ఒక గడి. రంగు వేసేది మా అమ్మాయి. గడి నిండిన సాయంత్రం మిర్చి బజ్జీలు, నలుగురికీ కలిపి 60 రూపాయలు దాటకుండా. పిల్లలకు అప్పు సంగతి చెప్పకూడదంటారు. మా ఇంట్లో చెప్పాకే పిల్లల భయం తగ్గింది. మేము గుసగుసలాడుకుంటుంటే వాళ్లు ఇంకా పెద్దదేదో ఊహించుకున్నారు.

ఇల్లు నాన్నది, అద్దె లేదు. అది లేకపోతే ఇంకో రెండేళ్లు పట్టేది. చదివేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మీ గళ్లు నెమ్మదిగా నిండితే అది మీ చేతకానితనం కాదు.

2024 సెప్టెంబరు 1న మా ఊరి పక్కన పారే మున్నేరు పొంగినప్పుడు ఇంకా 11 గళ్లు ఉన్నాయి. మా వీధికి నీళ్లు రాలేదు, కానీ ట్యూషన్ పిల్లల్లో ఇద్దరి ఇళ్లు మునిగాయి. రెండు నెలలు వాళ్ల దగ్గర ఫీజు తీసుకోలేదు. మా అమ్మాయి తన నోట్సు చూసి వాళ్లకు మళ్లీ రాసిచ్చింది. 10వ తేదీన సైన్స్ సార్ అడిగితే సున్నా అన్నాను. ఆయన "తెలుసు" అన్నారు.

నిద్ర పట్టని రాత్రులు

ఈ భాగం రాయకుండా వదిలేయలేను. రెండో ఏడాది ఒక రాత్రి నాకు చాలా చెడ్డ ఆలోచన వచ్చింది. ఇంట్లోవాళ్లను లేపడానికి మనసొప్పలేదు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి చేశాను. ప్రభుత్వానిది, 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అటువైపు ఆమె నా అప్పు ఎంతని అడగలేదు. ఇప్పుడు ఎక్కడ కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగింది. అరగంట మాట్లాడాక నా భార్యను లేపాను. మీకు అలాంటి రాత్రి వస్తే తెల్లవారేదాకా ఆగకండి, అప్పుడే చేయండి.

2025 మార్చి 3న పెదనాన్నకు ఆఖరి 9,000 ఇచ్చాను. నోటు మీద "పూర్తిగా ముట్టినది" అని రాయించి, సంతకం పెట్టించి, నోటు చేతికి తీసుకున్నాను. మీరూ అలాగే తీసుకోండి, తర్వాత పంపిస్తాం అంటే ఊరుకోవద్దు. చింపబోతుంటే నా భార్య ఆపింది. వెనకంతా చెల్లులే, చోటు చాలక అంచుల్లో కూడా. ఇప్పుడది నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది.

పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగి లేస్తుంటే పెదనాన్న గేటు దాకా వచ్చారు. "వచ్చే నెల 3న కూడా రారా అబ్బాయ్, ఊరికే" అన్నారు.

ఏప్రిల్ 3న వెళ్లాను. ఆయన బస్టాపులో కూర్చుని ఉన్నారు.