రూట్ కనిపిస్తోంది సరే, దాని టైమర్ చూశారా? రౌటర్ నేర్చుకున్న రూట్లు చూడటం ఎలా

మా ఆఫీసు పర్లాకిమిడిలో, గోడౌన్ పాతపట్నంలో. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ ఆటో ఎక్కితే దిగేంత దూరమే. గుణుపురంలో ఇంకో చిన్న బ్రాంచి ఉంది. మూడు చోట్లా పాత సిస్కో రౌటర్లే, మూడింటి మధ్యా రిప్ వెర్షన్ 2 నడుస్తుంది. రిప్ అంటే ఏ నెట్‌వర్క్‌కి ఎటు వెళ్లాలో, అంటే రూట్లు, రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి. రిప్ పాతదే, నిజమే, 1988లోనే దాని ప్రమాణం రాసుకున్నారు. కానీ మూడు రౌటర్లకు అది చాలు, పైగా రూట్ల టైమర్లు అర్థం చేసుకోవడానికి దీనంత తేలికైనది ఇంకోటి లేదు.

ఒకరోజు గోడౌన్ నుంచి ఫోన్. "బిల్లు కొట్టట్లేదు బాబూ, గుండ్రంగా తిరుగుతూనే ఉంది." నేను రౌటర్లోకి వెళ్లి చూస్తే పాతపట్నం నెట్‌వర్క్ రూట్ల పట్టికలో దర్జాగా కూర్చుని ఉంది. "ఇక్కడంతా బాగానే ఉందండీ, మీ కంప్యూటర్ ఆపి మళ్లీ వేయండి" అనేశాను. అదే వరసలో 00:02:41 అని కూడా ఉంది. కళ్లకు కనబడింది గానీ నేను చదవలేదు. ఎక్కడో రోడ్డు తవ్వుతుంటే ఫైబర్ తెగి అప్పటికే రెండు నిమిషాలు దాటిపోయింది.

సరే, పనిలోకి వద్దాం. కన్సోల్ కేబుల్ పెట్టి వెళ్లినా (స్పీడు 9600), ఎస్ఎస్‌హెచ్‌లో (నెట్‌వర్క్ మీదుగా దూరం నుంచే) వెళ్లినా ఒకటే. కింద కమాండ్లు తెలుగులో రాశాను, మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి. షో అని మొదలయ్యేవి చూపించడం తప్ప దేన్నీ మార్చవు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ముందు "షో ఐపీ రూట్ రిప్" కొట్టండి. ఉత్త "షో ఐపీ రూట్" కొడితే నేరుగా తగిలించినవి, చేత్తో రాసినవి అన్నీ కలిసి వస్తాయి, వెతుక్కోవాలి. ఇలాంటి వరస వస్తుంది:

ఆర్ 192.168.20.0/24 [120/1] వయా 10.1.1.2, 00:00:17, ఫాస్ట్ఈథర్నెట్ 0/0

మొదటి అక్షరం ఆర్ అంటే ఇది రిప్ ద్వారా నేర్చుకున్నది. తర్వాతిది గమ్యం. బ్రాకెట్లో 120 రిప్ మీద రౌటర్‌కి ఉన్న నమ్మకం. అంకె తగ్గే కొద్దీ నమ్మకం ఎక్కువ, అందుకే రిప్ లాంటిదే ఇంకో పద్ధతి, 110 ఉన్న ఓఎస్‌పీఎఫ్ కూడా అదే గమ్యం చూపిస్తే రిప్ మాట చెల్లదు. పక్కనున్న 1 హాప్‌ల లెక్క, అంటే దారిలో దాటాల్సిన రౌటర్లు. 15 దాకా పర్వాలేదు, 16 అంటే దారి లేనట్టే. ఇవన్నీ ఒకసారి చూసి వదిలేయొచ్చు. అసలు చూడాల్సింది ఆ 00:00:17. పక్క రౌటర్ ఈ రూట్ గురించి చివరిసారి చెప్పి 17 సెకన్లయింది అని అర్థం.

పక్క రౌటర్ 30 సెకన్లకోసారి తన పట్టిక పంపుతుంది. కాబట్టి పది సెకన్లు ఆగి పైబాణం నొక్కి అదే కమాండ్ మళ్లీ కొట్టండి, ఇంకో పది సెకన్లకు మళ్లీ. 17, 27, ఆ తర్వాత మళ్లీ చిన్న అంకె కనిపిస్తే రూట్ బతికి ఉన్నట్టు. 35, 45, 58 అని పెరుగుతూ పోతుంటే అవతల నుంచి మాట రావడం లేదు. 180 దాటగానే అదే రూట్ పక్కన "పాసిబ్లీ డౌన్" అని పడుతుంది, 240కి వరస మొత్తం మాయమవుతుంది. అంటే లైను పోయాక కూడా మూడు నిమిషాల పాటు రౌటర్ ఆ దారినే నమ్ముకుని ప్యాకెట్లు గోతిలో పోస్తూనే ఉంటుంది.

మరి ఫైబర్ తెగితే పోర్టు డౌన్ అవ్వాలి కదా, రూట్ వెంటనే పోవాలి కదా అంటారేమో. నేరుగా గుచ్చితే పోతుంది. మా దగ్గర రౌటర్‌కీ ఫైబర్‌కీ మధ్య మీడియా కన్వర్టర్ ఉంది, ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే చిన్న పెట్టె. అటువైపు తెగినా మా రౌటర్ పోర్టుకు ఇటువైపు పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. ఇక రౌటర్‌కి దిక్కు ఆ టైమరే.

తర్వాత "షో ఐపీ ప్రోటోకాల్స్". ఇందులో 30, 180, 180, 240 అనే నాలుగు అంకెలూ కనిపిస్తాయి: పంపే వ్యవధి, చెల్లదనే గడువు, హోల్డ్‌డౌన్ (చెల్లదన్నాక ఆ రూట్ గురించి కొత్త కబురు వెంటనే నమ్మకుండా ఆగే గడువు), తుడిచేసే గడువు. మన రౌటర్ తర్వాతి అప్‌డేట్ ఎన్ని సెకన్లలో పంపుతుందో కూడా చెబుతుంది. ఆఖర్లో పక్క రౌటర్ల చిట్టా ఉంటుంది, ఎవరి నుంచి చివరిసారి ఎప్పుడు కబురొచ్చిందో సహా. నాకు ఎక్కువగా పనికొచ్చేది ఇదే. పక్క రౌటర్ సమయం తాజాగా ఉండి ఒక్క రూట్ మాత్రమే ముసలిదవుతుంటే లైను బాగానే ఉన్నట్టు, ఆ నెట్‌వర్క్‌ని అవతలివాళ్లు చెప్పడం మానేశారు, లేదా దారిలో ఏదో ఫిల్టర్ ఆపుతోంది. రెండూ కలిసి పెరుగుతుంటే లైనో, పక్క రౌటరో పోయింది. అప్పుడు 10.1.1.2కి పింగ్ కొట్టండి.

పింగ్ వెళ్తోంది గానీ అప్‌డేట్ రావడం లేదంటే "డీబగ్ ఐపీ రిప్" పెట్టాలి. దీనికి ఎనేబుల్ పాస్‌వర్డ్ కావాలి. ఎస్ఎస్‌హెచ్‌లో ఉంటే "టెర్మినల్ మానిటర్" కూడా కొట్టాలి, లేకపోతే తెర మీద ఏమీ రాదు. ఏ రౌటర్ నుంచి ఏ రూట్లు వచ్చాయో వరసగా పడతాయి, వెర్షన్ తేడా ఉంటే ఆ ప్యాకెట్‌ని పక్కన పెట్టానని కూడా చెబుతుంది. ఒక నిమిషం చూసి "అన్‌డీబగ్ ఆల్" కొట్టేయండి, మర్చిపోయి టీకి వెళ్లకండి. అవతల ఆ పోర్టుని పాసివ్ (అప్‌డేట్లు పంపకుండా) చేసి పెట్టినా మాట రాదు, అదీ చూడాలి.

మూడు నిమిషాలు మరీ ఎక్కువ, తగ్గిద్దాం అనిపిస్తుంది. "టైమర్స్ బేసిక్"తో తగ్గించొచ్చు గానీ అన్ని రౌటర్లలో ఒకే అంకెలు ఉండాలి. ఒకటి 30కి పంపుతూ ఇంకోటి 20కే చెల్లదంటే రూట్ వస్తూ పోతూ ఉంటుంది, ఆ తలనొప్పి కన్నా మూడు నిమిషాలే నయం. నేనైతే మార్చలేదు.

ఇంకో మెలిక. పట్టికలో ఆర్ బదులు ఓ ఉంటే అది ఓఎస్‌పీఎఫ్, అక్కడ లెక్క తిరగబడుతుంది. రూట్ పక్కన రెండు వారాలని ఉంటే అన్నాళ్లుగా అది కదల్లేదని, సంతోషించండి. 00:00:12 ఉంటేనే ఇప్పుడేదో జరిగిందని అర్థం. పక్క రౌటర్ బతికుందో లేదో చూడాలంటే "షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్" కొట్టండి. ఈథర్నెట్ మీద డెడ్ టైమ్ (పక్క రౌటర్ పోయిందని తేల్చడానికి మిగిలిన సెకన్లు) 40 నుంచి 30 దాకా దిగి మళ్లీ 40కి ఎక్కుతూ ఉండాలి.

సిస్కో కాకుండా లైనక్స్ పెట్టెలో ఎఫ్ఆర్ఆర్ (రౌటర్ పని చేసే సాఫ్ట్‌వేర్) నడుపుతుంటే దాని కమాండ్ తెర వీటీవైఎస్‌హెచ్‌లోకి వెళ్లి "షో ఐపీ రిప్" కొట్టండి. అక్కడి టైమ్ వరస ఎన్ని సెకన్లయిందో చెప్పదు, ఇంకా ఎంత మిగిలిందో చెబుతుంది. మూడు నిమిషాల నుంచి కిందికి దిగుతుంది. కాబట్టి అక్కడ 02:50 చూసి నాలా ఉలిక్కిపడకండి, అది పది సెకన్ల కిందటే వచ్చిన రూట్.