మెదడుకు పాకిన కేన్సర్‌కు రేడియేషన్: రోగిని తీసుకువెళ్లేవారికి

ఊపిరితిత్తులలోనో రొమ్ములోనో మొదలైన కేన్సర్ మెదడుకు పాకినప్పుడు ఇచ్చే రేడియేషన్‌ను మన పర్లాకిమిడి, బరంపురం వైపు "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట విని మా అమ్మ షాక్ కొడుతుందని భయపడింది. ఒంటికి విద్యుత్తు తగలదనీ, ఎక్స్ కిరణాలు కేన్సర్ కణాలలోని డీఎన్ఏను దెబ్బతీసి అవి పెరగకుండా చేస్తాయనీ, నొప్పి ఉండదనీ రోగికి ముందే చెప్పండి.

గడ్డలు కొన్నే ఉండి చిన్నవైతే వాటికే గురిపెట్టి ఒకటి నుంచి ఐదు విడతలలో ముగిస్తారు. చాలాచోట్ల ఉంటే మెదడు మొత్తానికి, సాధారణంగా 10 విడతలలో 30 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) లేదా 5 విడతలలో 20 గ్రే ఇస్తారు. మెదడు మొత్తానికి ఇచ్చే ఈ పద్ధతిలో జ్ఞాపకశక్తి తగ్గే అవకాశం ఉంది కనుక, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగాన్ని తప్పించి ఇవ్వడం వీలవుతుందేమో, జ్ఞాపకశక్తిని కాపాడేందుకు ఇచ్చే మెమాంటిన్ మాత్ర అవసరమేమో మొహమాటపడకుండా అడగండి.

చికిత్సకు ముందు, వేడినీటిలో మెత్తబరచిన జల్లెడలాంటి ప్లాస్టిక్ పలకను ముఖంపై పరచి, తల కదలకుండా పట్టి ఉంచే మాస్కు తయారుచేస్తారు. జుట్టు కత్తిరించుకోవాలన్నా, మొక్కు ఉండి గుండు చేయించాలన్నా అంతకుముందే చేయించండి. తరువాతైతే మాస్కు వదులవుతుంది. నగలు కూడా ఇంటి దగ్గరే తీయించండి. అమ్మ ముక్కుపుడక మర బిగిసిపోయి, స్కానింగు గది బయట కొబ్బరినూనె రాస్తూ అరగంట కూర్చున్నాము.

విశాఖపట్నం వెళ్లేవారు చికిత్స ముగిసేవరకు అక్కడే బస చూసుకోవడం మంచిది, ఎందుకంటే మధ్యలో రోజులు తప్పకూడదు. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రంతో రైలు స్లీపర్ తరగతిలో రోగికి పూర్తిగా, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ లభిస్తుంది.

అన్నిటికన్నా జాగ్రత్త డెక్సామెథసోన్ మాత్రల విషయంలో కావాలి. మెదడు వాపు తగ్గించే ఈ మందును తిన్న తరువాతే వేయండి, చక్కెర పరీక్ష చేయిస్తూ ఉండండి, తలనొప్పి తగ్గిందని ఒక్కసారిగా మానిపించకండి. డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. ప్రయాణంలో అవి చేతిసంచిలోనే ఉండాలి.

రెండు మూడు వారాలకు జుట్టు రాలుతుంది, నీరసం కొన్ని వారాలుంటుంది. కానీ ఆగని వాంతులు, మత్తు, కాలు చేయి పడిపోవడం, ఫిట్స్ కనిపిస్తే విశాఖ దాకా ఆగకుండా దగ్గరలోని పెద్దాసుపత్రికి, బరంపురం వైపువారైతే ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి, వెంటనే తీసుకువెళ్లండి. ఫిట్స్ వచ్చినవారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టకండి.