పేటలో రోగం ప్రబలినప్పుడు గ్రంథాలయాన్ని ఎలా నడపాలి?

విజయవాడలోనో గుంటూరులోనో ఒక పేటలో జ్వరాలు ఎక్కువయ్యాయని తెలియగానే శాఖా గ్రంథాలయంలో అందరికీ తట్టేవి రెండే: తాళం వేద్దామా? పుస్తకాలకు మందు కొడదామా? 2020లో మా పేట గ్రంథాలయంలో ఆ రెండూ చేశాం. నేను అక్కడ చేతిసాయంగా ఉండేవాణ్ణి. ఆనాడు చేసిన తప్పుల వల్ల తెలిసినవీ, తర్వాత నేర్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. గ్రంథపాలకులకే కాదు, కాలనీలో చిన్న రీడింగ్ రూమ్ నడిపేవాళ్లకూ పనికొస్తాయి.

ముందు రోగం దారి తెలుసుకోండి

వార్డు సచివాలయంలోని ఆరోగ్య కార్యకర్తను (ఏఎన్‌ఎంని) అడగండి: ఇది గాలితో వచ్చేదా, నీళ్లతో వచ్చేదా, దోమతో వచ్చేదా? కోవిడ్, ఫ్లూ గాలితో వస్తాయి. అతిసారం, టైఫాయిడ్ నీళ్లతో, తిండితో వస్తాయి. డెంగీ, మలేరియా దోమతో వస్తాయి. ఈ ఒక్కటి తెలిస్తే సగం పని తేలికైపోతుంది. డెంగీ వచ్చినప్పుడు అందరికీ మాస్కులు పెట్టించి, మూలనున్న కూలర్‌లో నీళ్లు అలాగే ఉంచేస్తే ఏం లాభం?

గాలితో వచ్చేదైతే

పొద్దున ఎనిమిదింటికి పేపర్ల బల్ల దగ్గర నిలబడి చూడండి. ఒకే పేపరు నాలుగు ముక్కలవుతుంది. ఒకరి చేతిలో ఆటల పేజీ, ఒకరి చేతిలో సంపాదకీయం, మూడో ఆయన వాళ్ల భుజాల మీదుగా హెడ్డింగులు చదువుతుంటారు. భుజం భుజం తగులుతూ, ఊపిరి ఊపిరికి తగిలేంత దగ్గరగా కూర్చుంటారు. మన గ్రంథాలయాల్లో అసలు ప్రమాదం ఈ బల్ల దగ్గరే ఉంది. దాన్ని వరండాలోకి మార్చండి. వరండా లేకపోతే చెట్టు కింద నాలుగు కుర్చీలు వేసినా చాలు.

తర్వాత కిటికీలు. చాలాచోట్ల కిటికీకి అడ్డంగా బీరువా ఉంటుంది. నలుగురిని పిలిచి దాన్ని పక్కకు జరపండి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్లు వేయండి. ఏసీ ఉంటే కొన్నాళ్లు కట్టేయండి. కుర్చీకి కుర్చీకి ఆరడుగుల ఎడం ఉంచండి.

గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లల సంగతి వేరు. వాళ్లు గంటల తరబడి అదే గదిలో ఉంటారు. ఇంట్లో చదువుకునే చోటు లేకే ఇక్కడికి వస్తారు, కాబట్టి వాళ్లను వెళ్లిపొమ్మనడం నాకు ఇష్టం ఉండదు. సగం మందికి ఉదయం, సగం మందికి సాయంత్రం అని పేర్లు రాసి, మాస్కు తప్పనిసరి చేయండి. పరీక్ష దగ్గర పడ్డవాళ్లను ముందు పెట్టండి.

ఇంకో పని, పైసా ఖర్చు లేనిది: ఆలస్య రుసుము ఆపేయండి. గడువు దాటిపోతోందన్న టెన్షన్‌తో ఒళ్లు కాలిపోతున్నా పుస్తకం పట్టుకొచ్చినవాళ్లను చూశాను. “జ్వరం ఉంటే ఇంట్లోనే ఉండండి, గడువు మేమే పొడిగిస్తాం” అని గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

పుస్తకాలను ఏం చేయాలి?

పుస్తకంతో పాటు రోగం ఇంటికొస్తుందన్న భయం పాతదే. 1907లో బ్రిటన్‌లో అంటువ్యాధి ఉన్నవాళ్లు గ్రంథాలయ పుస్తకం తీసుకోకూడదని చట్టమే చేశారు. కోవిడ్ వచ్చాక అమెరికాలో గ్రంథాలయాల కోసం రియల్మ్ పేరుతో ప్రయోగశాల పరీక్షలు జరిగాయి. విడివిడిగా ఉంచిన పుస్తకాల అట్టల మీద మూడు రోజుల తర్వాత వైరస్ కనిపించలేదు. ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చినప్పుడు మాత్రం ఆరు రోజుల తర్వాత కూడా దాని జాడ ఉంది. కానీ జాడ ఉన్నంత మాత్రాన రోగం అంటుకోదు. వైరస్ ఉన్న వస్తువును ఒకసారి ముట్టుకుంటే కోవిడ్ సోకే అవకాశం పదివేలలో ఒకటి కన్నా తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తేల్చింది.

కాబట్టి తిరిగొచ్చిన పుస్తకాలను ఒక బల్ల మీద విడివిడిగా పరిచి, మర్నాడు బీరువాలో పెట్టండి. అంతకన్నా హడావిడి అక్కర్లేదు. చేతులు సబ్బుతో కడుక్కోవడం అన్నిటికన్నా ముఖ్యం. వేలు నాలుకకు తగిలించి పేజీ తిప్పే అలవాటు చాలామందికి ఉంది. పక్కన కూర్చుని మెల్లగా చెప్పండి, నలుగురిలో చెప్తే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు.

శానిటైజర్ మాత్రం వద్దు. 2020లో ఒక పాత నవల అట్ట మీద నేనే కొట్టాను. గుడ్డతో తుడిస్తే ఎర్రరంగు గుడ్డకు అంటింది, పేరులో రెండక్షరాలు చెదిరిపోయాయి. ఆ పుస్తకం మళ్లీ ఎక్కడా దొరకలేదు. బ్లీచింగ్ కాగితాన్ని తినేస్తుంది, ఎండలో పెడితే అట్ట వెలిసిపోతుంది. ప్లాస్టిక్ కవరు వేసిన పుస్తకాన్నయితే సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవొచ్చు.

దోమ అయితే

డెంగీ దోమ పగలే కుడుతుంది, బల్లల కింద నీడలో దాక్కుంటుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి, శుక్రవారం, నిల్వ నీళ్లన్నీ పారబోసే ‘డ్రైడే’ పాటించమంటారు. మన వైపు శాఖా గ్రంథాలయాలకు సెలవు కూడా శుక్రవారమే! ఆ రోజు నీళ్లు పారబోసేవాళ్లే ఉండరు. గురువారం సాయంత్రం తాళం వేసేముందు ఆ పని చేసేయండి: కూలర్, పూలకుండీ కింది పళ్లెం, డాబా మీద పడేసిన డబ్బాలు. నీళ్లు ఒంపేస్తే సరిపోదు, గోడలను పీచుతో రుద్దాలి. ఈ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి చావకుండా ఉంటాయి.

నీళ్లతో వచ్చేదైతే

మంచినీళ్ల కుండలో అందరూ ముంచుకునే గ్లాసును ముందు తీసేయండి. కుళాయి ఉన్న మూత డ్రమ్ము పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. బాత్రూమ్‌లో సబ్బు ఉందో లేదో రోజూ చూడండి. 2018 మార్చిలో గుంటూరులో అతిసారంతో ప్రాణాలు పోయాయి, కాబట్టి నీళ్ల విషయంలో మొహమాటం వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినట్టు మురుగు కలిసిన వరద వస్తే, తడిసిన పుస్తకాలను చేతితొడుగులు, మాస్కు లేకుండా ముట్టుకోకండి. మళ్లీ కొనగలిగినవి వదిలేయండి, దొరకనివి నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి.

నోటీసు బోర్డు

వాట్సాప్‌లో వచ్చేవాటికి ఇక్కడ జవాబు దొరకాలి. ఆరోగ్య శాఖ చెప్పినది మాత్రమే, తేదీ వేసి అంటించండి. పాతది చించేయండి. 104, 108 పెద్దగా రాయండి. లీటరు కాచిన నీళ్లలో అంచుకు సమంగా ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు అని కూడా రాయండి, రాత్రిపూట ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు దొరకని ఇంటికి పనికొస్తుంది. ఎవరింట్లో రోగం ఉందో బోర్డు మీద గానీ, మాటల్లో గానీ రానివ్వకండి.

తలుపులు మూయాల్సి వస్తే

ప్రభుత్వం మూయమంటే మూయాల్సిందే. అప్పుడు పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పిన ప్రాంతం మనది. ఫోన్లో పేర్లు అడిగి రాసుకోండి, సంచిలో పెట్టి పేరు చీటీ కట్టండి, గేటు దగ్గర బల్ల మీద ఉంచండి. రాలేనివాళ్లకు పక్కింటి కుర్రాడితో పంపండి.

రిజిస్టరులో ఫోన్ నంబర్లు ఉంటాయి కదా. రోజూ ఎనిమిదింటికే వచ్చే పెద్దాయన నాలుగు రోజులు కనిపించకపోతే ఫోన్ చేయండి. “ఏమండీ, ఒంట్లో బాగుందా? మందులు ఉన్నాయా?” అని అడగండి. ఓపిక లేదంటే, ఆ రోజు పేపరులో ఆయన ముందుగా తిప్పే పేజీని ఫోన్లోనే చదివి వినిపించండి.