మూసీ నీళ్ల చెరువులో చేపకు లోహం పట్టిందేమో చూసే పద్ధతి

తెల్లారేసరికి చేపలు తేలితే చెరువు గట్టు మీద అందరూ కెమికల్ కలిసిందనే అంటారు. చాలాసార్లు అది ఆక్సిజన్ అందక వచ్చిన చావు. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలు సాధారణంగా ఒక్క రాత్రిలో చంపవు. ఏళ్ల తరబడి పూడికలో పేరుకుని, చేప ఒంట్లోకి చేరి గుడ్లను, పిల్లలను దెబ్బతీస్తాయి. మూసీ నుంచి వచ్చే బునాదిగాని, పిలాయిపల్లి కాలువల నీళ్లు పారే చెరువుల్లో అందుకే బతికున్న చేప కడుపు కోసి చూడాలి.

ముందు ఆక్సిజన్ సంగతి తేల్చుకోండి. తెల్లవారుజామున 5 గంటలకు కిట్‌తో కొలవండి. లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు ఉంటే చేపలు పైకొచ్చి నోరు తెరవడానికి అదే కారణం కావచ్చు.

పరీక్షకు బంగారుతీగ మంచిది. అది అడుగు బురదను కెలికి తింటుంది, చెరువులోనే గుడ్లు పెడుతుంది. రవ్వ, బొచ్చె నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, కాబట్టి వాటి పిల్లలు కనబడలేదని లోహాన్ని అనుమానించొద్దు. గుడ్ల కాలంలో కిలో అటూ ఇటూ ఉన్న ఆడ చేపలు ఐదారు పట్టండి. చేపను తూచి, గుడ్ల తిత్తిని విడిగా తూచండి. కిలో చేపలో తిత్తి 150 గ్రాములుంటే 15 శాతం. వాననీటితోనే నిండే చెరువు నుంచి అదే వారం, అదే సైజు చేపలు తెచ్చి పోల్చండి. ఒక్క చెరువు లెక్కతో ఏమీ తేలదు.

తిత్తిని తెల్ల ప్లేటులో విప్పండి. ఆరోగ్యమైన గుడ్లు ఒకే సైజులో, నిండుగా ఉంటాయి. ముడుచుకుపోయినవి, తెల్లబారినవి, చిన్నా పెద్దా కలిసినవి ఎక్కువుంటే అనుమానించాలి. గుడ్డులో పచ్చసొనకు కావలసిన ప్రొటీన్ కాలేయంలో తయారవుతుంది. కాడ్మియం ఎక్కువగా చేరేది కాలేయం, మూత్రపిండాల్లోనే. ప్రొటీన్ తగ్గితే గుడ్డు పూర్తిగా పెరగకుండా మధ్యలోనే ఎండిపోతుంది.

తర్వాత పొదిగి చూడండి. నాచుకు అంటుకున్న తాజా గుడ్లు వంద ఈ చెరువు నీటి టబ్బులో, వంద వాననీటి చెరువు టబ్బులో వేసి రెండింటికీ గాలి పట్టండి. వెచ్చని నీటిలో రెండు మూడు రోజుల్లో పొదుగుతాయి. పొదిగినవి లెక్కపెట్టి, వెన్ను వంకర పోయిన పిల్లలను వేరు చేయండి. పోలికకు బోరు నీళ్లు వాడకండి: నల్లగొండ బోర్లలో ఫ్లోరైడ్ లెక్కను తప్పుదారి పట్టిస్తుంది.

ఇవన్నీ అనుమానాలే, రుజువు ల్యాబులో దొరుకుతుంది. యాసిడ్ వేసిన ప్లాస్టిక్ సీసా ల్యాబు నుంచే తీసుకోండి, దాన్ని కడగొద్దు. వేరే శుభ్రమైన ప్లాస్టిక్ మగ్గుతో మోకాలి లోతు నుంచి నీళ్లు ముంచి అందులో పోయండి. పూడిక పై 5 సెంటీమీటర్లు ప్లాస్టిక్ గరిటెతో తీయండి; తుప్పు పట్టిన పార తగిలితే ఫలితం చెడుతుంది. చేప కండ ఒక్కటే పంపితే లోహం తక్కువే కనబడుతుంది, కాబట్టి కాలేయం, మొప్పలు, గుడ్లు వేర్వేరు కవర్లలో ఐసు పెట్టి పంపండి.

కండలో సీసం కిలోకు 0.3 మిల్లీగ్రాములు దాటితే దేశ ఆహార ప్రమాణం ప్రకారం ఆ చేప అమ్మకూడదు. ఎంత కడిగినా, పులుసులో ఎంత ఉడికించినా లోహం పోదు. సున్నం చల్లితే నీటిలోది పూడికలోకి దిగుతుందంతే. ఆ పూడికను పొలానికి తోలే ముందు దాన్నీ పరీక్ష చేయించండి.