పిల్లల లివర్ క్యాన్సర్‌కు ‘కొత్త టార్గెట్’ అన్న వార్తను ఎలా చదవాలి?

“కణంలో ఆ సిగ్నల్ ఆపేస్తే చాలు, పిల్లల లివర్ క్యాన్సర్ మాయం” అంటూ ఫోన్‌కు ఒక ఫార్వర్డ్ వస్తుంది. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఆ రాత్రి ఇక నిద్ర పట్టదు. పంపినవాళ్లది మంచి మనసే, కాదనను. కానీ దాన్ని పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తే ముందు మనమే ఒకసారి జల్లెడ పట్టుకోవచ్చు.

1. ఏ క్యాన్సరో చూడండి

మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువగా కనిపించేది హెపటోబ్లాస్టోమా. పెద్దవాళ్లకు హెపటైటిస్-బి, సిర్రోసిస్ తర్వాత వచ్చేది హెపటోసెల్యులర్ కార్సినోమా. రెండూ లివర్‌లోనే పుట్టినా జబ్బులు వేరు. రెండో దానికి 2007లో అమెరికాలో అనుమతి పొందిన సొరాఫెనిబ్ అనే మందు గురించి చదివి, అది మన రెండేళ్ల పాపకూ పనిచేస్తుందని అనుకోకండి.

2. లోపం దారిలో ఎక్కడుందో కనుక్కోండి

అసలు సంగతంతా ఇక్కడే ఉంది, కాస్త ఓపిక పట్టండి. వింట్ అనే ప్రోటీన్ కణాన్ని బయటి నుంచి తాకితే ‘పెరుగు’ అనే కబురు లోపలికి వెళ్తుంది. దాన్ని కేంద్రకం దాకా మోసేది బీటా-కెటెనిన్. కబురేమీ లేనప్పుడు ఏపీసీ, యాక్సిన్ లాంటి ప్రోటీన్ల గుంపు ఈ బీటా-కెటెనిన్‌ను పట్టుకుంటుంది. దాని మీద ఫాస్ఫేట్ ముద్ర పడుతుంది, ముద్ర పడినదాన్ని కణం నాశనం చేస్తుంది. హెపటోబ్లాస్టోమాల్లో ఎక్కువ వాటిలో సరిగ్గా ఆ ముద్ర పడే చోటే జన్యువు మారిపోయి ఉంటుంది, లేదంటే ఆ ముక్కే ఎగిరిపోయి ఉంటుంది. ముద్ర పడదు కాబట్టి బీటా-కెటెనిన్ పోగుపడి, పెరగమని చెబుతూనే ఉంటుంది.

బోరు మోటారు స్టార్టర్‌లో కాంటాక్టులు అతుక్కుపోతే ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా మోటారు ఆగుతుందా? ఇదీ అంతే. వింట్ బయటికి రాకుండా చూసే మందులు ఎర్ర బటన్ లాంటివి, చెడింది దాని తర్వాతి భాగం. కాబట్టి వార్తలో “వింట్ దారిని అడ్డుకుంటుంది” అని కనిపిస్తే, ‘బీటా-కెటెనిన్‌కు ముందా, తర్వాతా?’ అని అడగండి. చాలా వార్తలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే రాలిపోతాయి.

బయాప్సీ (గడ్డలోంచి ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టులో “న్యూక్లియర్ బీటా-కెటెనిన్ పాజిటివ్” అని రాశారేమో చూడండి. మామూలు లివర్ కణంలో, బీటా-కెటెనిన్‌ను చూపించడానికి వేసే స్టెయిన్ గోధుమరంగు అంచుల వెంట సన్నటి గీతలా ఉంటుంది. ఈ గడ్డలో కేంద్రకమే ముదురు గోధుమ చుక్కలా కనిపిస్తుంది.

3. ఆ దారి ఆగితే ఇంకేం ఆగుతుందో ఆలోచించండి

పేగు లోపలి పొర రోజూ కొత్తగా తయారయ్యేదీ, ఎముక గట్టిపడేదీ ఈ దారి సాయంతోనే. పెద్దల మీద జరిగిన కొన్ని వింట్ మందుల ట్రయల్స్‌లో ఎముకలు దెబ్బతిన్నాయి. ఎదిగే పిల్లల్లో ఇది చిన్న విషయం కాదు.

4. ఎవరి మీద పరీక్షించారు?

గాజు పాత్రలో కణాల మీదా, ఎలుకల మీదా, పిల్లల మీదా? పిల్లల మీదే అయినా, ఫేజ్ 1 అంటే ప్రధానంగా ఎంత డోసు ఇవ్వొచ్చో చూసే దశ.

5. ఈలోగా నడుస్తున్న చికిత్స ఆపకండి

పాత కీమో మందే కదా అని సిస్‌ప్లాటిన్‌ను తీసిపారేయకండి. పిల్లల లివర్ గడ్డల మీద జరిగి 2009లో వెలువడిన సియోపెల్-3 ట్రయల్‌లో, స్టాండర్డ్ రిస్క్ (ప్రమాదం తక్కువగా లెక్కించిన) హెపటోబ్లాస్టోమా ఉండి సిస్‌ప్లాటిన్ ఒక్కటే కీమోగా ఇచ్చి ఆపరేషన్ చేసిన పిల్లల్లో మూడేళ్ల తర్వాత 95 శాతం మంది బతికి ఉన్నారు.

దాని ఇబ్బంది చెవులతో. 2018లో వచ్చిన సియోపెల్-6 ఫలితాల్లో, సిస్‌ప్లాటిన్ ఇచ్చిన 6 గంటలకు సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే వినికిడి లోపం 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గింది. అదీ వేరే చోటికి పాకని జబ్బున్న పిల్లల్లో. ఫార్వర్డ్ చూపించేలోపు డాక్టరును ఇది అడగండి: “మా పాపకు ఈ థయోసల్ఫేట్ ఇవ్వొచ్చా? చెవి పరీక్ష ఎప్పుడు చేస్తారు?”