లెక్కల టీచరూ సైన్సు టీచరూ కలిసి పాఠం చెప్పడం ఎలా? గోదావరి డెల్టా బడులకు ఒక దారి

డెల్టాలో చాలా హైస్కూళ్లకు కూతవేటు దూరంలోనే ఒక పంట కాలువో, రొయ్యల చెరువో, వరి చేనో ఉంటుంది. వాటి దగ్గర రోజంతా కొలతలే. లాకుల దగ్గర నీటి మట్టం చూస్తారు, చెరువు గట్టున పీహెచ్ చూస్తారు, కళ్లంలో ధాన్యం తేమ చూస్తారు. బడిలో మాత్రం లెక్కలకూ సైన్సుకూ మధ్య గోడ ఉంది. సైన్సు పీరియడ్‌లో భాగహారం దగ్గర పిల్లవాడు ఆగిపోతే, "ఇది మీ లెక్కల మాస్టారిని అడగరా" అని ముందుకు వెళ్లిపోతాం. లెక్కల పీరియడ్‌లో వాలు కనుక్కోమంటాం కానీ, అది దేని వాలో చెప్పం.

ఈ గోడ తీయడానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు. నా ఉద్దేశంలో ఇద్దరు టీచర్ల జోడీ సమావేశంతో మొదలైతే నిలవదు, ఒక కొలతతో మొదలైతే నిలుస్తుంది. ఆ కొలత ఇద్దరి పాఠానికీ అవసరం కావాలి. ఊళ్లో ఇంకొకరికి కూడా పనికొచ్చేదై ఉండాలి. ఈ రెండు షరతులూ కుదిరితే మిగతా ఏర్పాట్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

1. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టండి

జూన్‌లో బడి తెరిచిన మొదటి వారమే ఇద్దరూ ఒక సాయంత్రం కూర్చోండి. ఒక తరగతి చాలు. తొమ్మిదో తరగతితో మొదలుపెడితే మేలు, పదిలో పరీక్షల ఒత్తిడి ఉంటుంది. సైన్సు పుస్తకంలో లెక్క అడ్డుపడే చోట్లన్నీ పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. చలనం పాఠంలో దూరం-కాలం గ్రాఫు ఉంది, దానికి లెక్కల్లో రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు తోడు. పదో తరగతిలో ఓమ్ నియమం గ్రాఫుకీ ఇదే తోడు. కాంతి వక్రీభవనంలో సైన్ విలువలు కావాలి, లెక్కల్లో త్రికోణమితి అప్పటికి మొదలై ఉండకపోవచ్చు. అక్కడ లెక్కల మాస్టారు ఒక్క పీరియడ్ ముందుగా ఇస్తే పిల్లలకు ఎంతో ఊరట.

ఈ జాబితాలో అన్నీ చేయాలని పెట్టుకోకండి. టర్ముకు ఒకటి చాలు.

2. కాలువల క్యాలెండరు చూసి కొలత ఎంచుకోండి

డెల్టాలో బడి క్యాలెండరు కన్నా కాలువల క్యాలెండరు ముఖ్యం. వేసవిలో దాళ్వా (రెండో పంట) అయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకు (వానాకాలం పంటకు) మళ్లీ వదులుతారు. కాబట్టి నీటి ప్రవాహం పాఠం జూలై నుంచి పెట్టుకోవాలి. లంక గ్రామాల్లో వరద రోజుల్లో బడే సరిగా నడవదు, అప్పుడు బయటికి వెళ్లే పని వద్దు. ధాన్యం తేమ, గింజ బరువు లాంటివి కోతల సమయానికి ఉంచుకోండి. రొయ్యల చెరువు విషయాలు ఇంచుమించు ఏడాది పొడవునా దొరుకుతాయి.

3. ఊళ్లో కొలిచే మనిషిని వెతకండి

ఇక్కడ చాలామంది పెద్ద సంస్థల వైపు చూస్తారు. అవి ఉన్నాయి, తప్పకుండా వాడుకోవాలి. మార్టేరులో వరి పరిశోధనా స్థానం ఉంది, స్వర్ణ అని మనం పిలిచే ఎంటీయూ 7029 వరి రకం పుట్టింది అక్కడే. అంబాజీపేటలో కొబ్బరి మీద పనిచేసే ఉద్యాన పరిశోధనా స్థానం, ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. కాటన్ దొర గోదావరి మీద కట్టించిన, 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట కథ అక్కడ చూడవచ్చు. కానీ వాటితో ఏడాదికి ఒకసారి వెళ్లివచ్చే సంబంధమే కుదురుతుంది. వారం వారం అందుబాటులో ఉండేది ఊళ్లో మనిషే. కాలువ నీటిని చూసుకునే లస్కరు, ఆక్వా ల్యాబులో నీళ్లు పరీక్షించే కుర్రాడు, రైస్ మిల్లులో తేమ చూసే గుమస్తా, నీటి సంఘంలో తిరిగిన పెద్దాయన. పిల్లల్లో ఎవరో ఒకరి నాన్నో, బాబాయో అయి ఉంటారు కూడా.

అడిగేటప్పుడు "మా బడికి సహకరించండి" అంటే ఎవరికీ ఏం చేయాలో తెలియదు. పని చెప్పండి, సమయం చెప్పండి, వాళ్లకేం ఇస్తారో చెప్పండి. బోదెలో, అంటే చేలకు నీరు తీసుకెళ్లే చిన్న కాలువలో, నీళ్లు కొలవాలంటే లస్కరును ఇలా అడగండి:

"బాబాయ్ గారూ, మన బోదెలో సెకనుకు ఎన్ని నీళ్లు పోతున్నాయో పిల్లలతో కొలిపిద్దామనుకుంటున్నామండి. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఒక్క గంట మీరు గట్టు మీద ఉంటే చాలు. తూము ఎంత ఎత్తారో అది మాత్రం మీరు చెప్పాలి. కొలిచిందంతా కాగితం మీద రాసి మీకో ప్రతి ఇస్తాం."

ఆ చివరి మాట మరిచిపోకండి. ఇచ్చిపుచ్చుకోవడం లేనిచోట రెండోసారి ఎవరూ రారు. వచ్చిన మనిషిని పిల్లల ముందు గౌరవంగా కూర్చోబెట్టి, ఆయన చేత చెప్పించండి. ఆయన మాట్లాడుతున్నప్పుడు మధ్యలో దిద్దకండి. శాస్త్రీయంగా తేడా ఉంటే తరువాతి పీరియడ్‌లో కొలిచి తేలుద్దాం అనండి.

4. పాఠం ఇద్దరూ ఎలా పంచుకోవాలి: బోదె ఉదాహరణ

ఇది కొంచెం వివరంగా చెబుతాను, మిగతావన్నీ దీన్ని చూసే కట్టుకోవచ్చు.

హెచ్ఎం గారిని అడిగి రెండు పీరియడ్లు వరసగా పెట్టించుకోండి. మోకాలి లోతు మించని పంట బోదె ఎంచుకోండి. పెద్ద కాలువ దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లవద్దు, ఈత వచ్చినా సరే. ఇద్దరు టీచర్లూ గట్టు మీదే ఉండాలి. తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

తిన్నగా ఉన్న చోట 10 మీటర్లు టేపుతో కొలిచి రెండు కర్రలు పాతండి. ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు నీళ్లు పోసి మూత బిగించండి. ఖాళీ సీసా అయితే నీళ్ల మీద పైకి తేలి గాలికి కొట్టుకుపోతుంది, అప్పుడు మనం కొలిచేది గాలినే. ఎందుకలా అని సైన్సు టీచరు అక్కడే అడగవచ్చు, తేలడం, సాంద్రత పాఠం గట్టు మీదే అయిపోతుంది. సీసాను మొదటి కర్రకు కాస్త ఎగువన వదిలి, రెండు కర్రల మధ్య పట్టిన కాలం చూడండి. మూడుసార్లు చేయండి. 24, 27, 24 సెకన్లు వచ్చాయనుకుందాం. సగటు 25. వేగం సెకనుకు 0.4 మీటరు.

ఇక్కడ సైన్సు టీచరు మాట ఒకటి ఉంది. పైనున్న నీరు వేగంగా పోతుంది. అడుగున, పక్కల మట్టిని రాసుకుంటూ పోయే నీరు నెమ్మదిస్తుంది. అందుకే పైవేగాన్ని దాదాపు 0.85తో గుణిస్తారు. 0.34 వస్తుంది.

తరువాత లెక్కల మాస్టారి వంతు. బోదె అడ్డకోత చూస్తే ట్రపీజియం. పైన వెడల్పు 1.5 మీటర్లు, అడుగున 0.9, మూడు చోట్ల కొలిచిన లోతు సగటు 0.3 మీటరు అయితే వైశాల్యం 0.36 చదరపు మీటర్లు. 0.36ను 0.34తో గుణిస్తే సెకనుకు 0.122 ఘనపు మీటర్లు, అంటే 122 లీటర్లు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు దాదాపు 28.3 లీటర్లు కాబట్టి, ఆ బోదెలో 4.3 క్యూసెక్కులు పోతున్నట్టు.

ఇప్పుడు లస్కరుకు కావలసిన ప్రశ్న వేయండి. ఈ నీటిని మొత్తం ఒకే చేలోకి తిప్పితే ఎకరం మీద 5 సెంటీమీటర్లు నిలవడానికి ఎంతసేపు పడుతుంది? ఎకరం 4,047 చదరపు మీటర్లు. 5 సెంటీమీటర్ల లోతుకు దాదాపు 202 ఘనపు మీటర్లు కావాలి. లెక్క ప్రకారం 28 నిమిషాలు. "అంతలో ఎక్కడ తడుస్తుందండీ, గంట పైనే పడుతుంది" అని గట్టు మీదున్న రైతు అంటే, అసలు పాఠం అప్పుడు మొదలైందన్న మాట. మిగతా నీళ్లు ఎక్కడికి పోయాయి? నేల ఇంకించుకుంది, గట్టుకు ఎండ్రకాయ బొరియలున్నాయి, చేను సమంగా లేదు, పైన ఎవరో గండి పెట్టారు. లెక్క తప్పలేదు, లెక్కలోకి రానివి ఉన్నాయి. పిల్లలకు ఈ సంగతి ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

ఒక జాగ్రత్త. ఇద్దరు టీచర్లూ ఒకేసారి మాట్లాడవద్దు. ఎవరు ఏ భాగం చెబుతారో ముందే రాసుకోండి. ఒకరు చెబుతుంటే రెండోవారు వెనక నిలబడి ఏ పిల్ల ఎక్కడ తడబడుతోందో చూడాలి. ఇద్దరు టీచర్లు ఉండడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. దీన్ని వదులుకుంటే ఇద్దరి పీరియడ్లూ దండగ.

5. రొయ్యల కౌంటు: బయటికి వెళ్లకుండా చేసేది

భీమవరం చుట్టుపక్కల పిల్లలకు కౌంటు అంటే చెప్పనక్కర్లేదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. 100 కౌంటు అంటే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంటు అంటే 20, 40 అంటే 25. 1000ని కౌంటుతో భాగిస్తే బరువు. విలోమానుపాతానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ డెల్టాలో దొరకదు. గ్రాఫు గీయించండి, అది సరళరేఖ కాదని పిల్లలే కనిపెడతారు. 100 నుంచి 90కి రావడానికి రొయ్య 1.1 గ్రాములు పెరిగితే చాలు. 40 నుంచి 30కి రావాలంటే 8.3 గ్రాములు పెరగాలి. కౌంటులో తేడా రెండుచోట్లా పదే. రొయ్య ఇంకా పెద్దదై కౌంటు తగ్గాలని ఆగిన రైతుకు మేత ఖర్చు ఎందుకు పెరుగుతుందో ఆ గ్రాఫులో కనిపిస్తుంది.

జీవశాస్త్రం టీచరు ఇక్కడ కలుస్తారు. పగలు చెరువులో నాచు కిరణజన్య సంయోగక్రియ చేస్తూ కార్బన్ డయాక్సైడును వాడుకుంటుంది, అందువల్ల మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. రాత్రి అన్నీ ఊపిరి పీల్చుకోవడమే, నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజాముకు బాగా తగ్గిపోతుంది. నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆ వేళ తిరగాల్సింది అందుకే. ఈ రీడింగుల కోసం పిల్లల్ని తెల్లవారుజామున చెరువు దగ్గరికి పంపకండి, తడి గట్ల మీద కరెంటు వైర్లు ఉంటాయి. రైతు దగ్గరో ల్యాబులోనో రాసిన అంకెలు తీసుకుని వాడండి. చెరువు ఎవరిదో రాయకండి. ఒకటో చెరువు, రెండో చెరువు అని పెట్టండి. చెరువు బాగాలేదన్న మాట బయటికి పొక్కితే ఆ రైతుకు నష్టం, మీ మీద నమ్మకమూ పోతుంది.

6. పక్క బడితో జోడీ కట్టండి

కాలువ తల దగ్గర ఒక బడి, శివారులో ఒక బడి. డెల్టాలో ఇంతకన్నా సహజమైన జోడీ లేదు. రెండు బడుల వాళ్లూ ఒకే రోజు, ఒకే గంటలో బోరు నీళ్లలో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూడండి. పెన్నులా ఉండే చిన్న మీటరు చాలు. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనప్పుడు 2,000 వరకు. రావులపాలెం నుంచి సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది వైపు నాలుగైదు బడులు కలిస్తే, సముద్రానికి దూరం అడ్డంగా, టీడీఎస్ నిలువుగా గ్రాఫు వేయవచ్చు. చుక్కలు బుద్ధిగా ఒక గీత మీద పడవు. బోరు లోతు మారితే నీరు మారుతుంది, చుట్టూ ఉప్పునీటి చెరువులు ఉంటే మారుతుంది. ఎందుకు పడలేదో రెండు బడుల పిల్లలూ ఫోన్లో వాదించుకుంటారు. ఆ వాదన జరగనివ్వండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో టీచర్లు ఎలాగూ కలుస్తారు కాబట్టి తేదీలు అక్కడే ఖాయం చేసుకోండి. మీటర్లు ముందు ఒకే గ్లాసులో ముంచి చూసుకోండి, రెండిటికీ తేడా ఉంటే రాసిపెట్టుకోండి.

7. వరద రోజుల్లో తరగతి గదిలోనే

ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ప్రవాహం వరుసగా సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ మూడు చుక్కలూ గ్రాఫు మీద పెట్టించి, ఆఖరి రెండిటిని కలిపే గీతను పైకి పొడిగించమనండి. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులు దాటింది. పిల్లల గీత ప్రకారం అప్పుడు మట్టం 35 అడుగులు దాటాలి. నిజంగా నమోదైంది 24 అడుగులన్నర చిల్లర. ఉన్న చుక్కలను దాటి గీత పొడిగించడంలో ప్రమాదం ఏమిటో వాళ్లకు అర్థమవుతుంది. నది ఎందుకలా ప్రవర్తించింది అన్న ప్రశ్నకు ఇద్దరు టీచర్ల దగ్గరా పూర్తి జవాబు లేకపోవచ్చు. పిల్లల చేత ఉత్తరం రాయించి జలవనరుల శాఖ ఇంజినీరుకు పంపండి, లేదా ఇంజినీరింగు కాలేజీలో సివిల్ చెప్పేవారిని ఒక పూట పిలవండి. బయటివారిని పిలవాల్సింది ఇలాంటి ప్రశ్న చేతిలో ఉన్నప్పుడే. ఊరికే పిలిస్తే ఉపన్యాసం ఇచ్చి వెళతారు.

8. ఒకే పుస్తకం, ఒకే మార్కు

పిల్లలు లెక్కలకూ సైన్సుకూ విడివిడిగా రాయకుండా ఒకే నోటుబుక్కు పెట్టించండి. ఎడమ పేజీలో ఏం కొలిచాం, దేనితో కొలిచాం, ఏ యూనిట్లలో కొలిచాం. కుడి పేజీలో లెక్క. యూనిటు రాయని అంకెకు ఇద్దరూ మార్కు ఇవ్వకూడదు, ఈ ఒక్క కట్టుబాటుతోనే చాలా దారికొస్తుంది. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టు పనికి మార్కులున్న చోట ఇదే పనిని రెండు సబ్జెక్టులకూ లెక్కలోకి తీసుకోండి, పిల్లలకు భారం తగ్గుతుంది. బాగా వచ్చిన ప్రశ్నను ఇన్‌స్పైర్ మానక్‌కో, జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్‌కో, అలాంటి పిల్లల సైన్సు పోటీలకు పంపవచ్చు. అయితే పోటీ కోసం కొలత మొదలుపెట్టకండి, అంకెలు దిద్దాలన్న ఆశ పుడుతుంది.

ఫిబ్రవరి 28, సైన్సు దినోత్సవం నాడు లస్కరునూ, రైతునూ, ల్యాబు కుర్రాడినీ పిలిచి పిల్లల చేత ఫలితాలు చెప్పించండి. చార్టు ఒకటి బడిలో ఉంచి, ఇంకొకటి వాళ్ల చేతికి ఇవ్వండి.

చివరగా బదిలీల సంగతి. రెండేళ్లు కష్టపడి కట్టుకున్న జోడీ ఒక టీచరు వెళ్లిపోగానే విడిపోవడం ఎన్నో బడుల్లో చూస్తాం. అందుకని కొలతల రిజిస్టరును సొంత బీరువాలో కాక హెచ్ఎం గది బీరువాలో పెట్టండి. మొదటి పేజీలో ఏ బోదె, ఏ చోటు, కర్రలు ఎక్కడ పాతారు, ఏ మీటరు వాడారు, సాయం చేసినవారిని ఎలా కలవాలి అన్నీ రాయండి. వెళ్లే ముందు కొత్త టీచరును వెంటబెట్టుకుని గట్టు దాకా వెళ్లి, లస్కరు గారికి పరిచయం చేసి రండి.