టాస్మేనియాలో చలికాలం: ఇద్దరే వెళ్లాలనుకుంటే

మేం మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్లు. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న దీవి టాస్మేనియాకి మొదటిసారి వెళ్లింది పెళ్లయిన రెండో ఏడు, జులైలో. ఐదు రోజుల్లో దీవి చుట్టూ తిరిగి రావాలని ఎక్సెల్ షీట్ వేసుకుని బయల్దేరాం. రోజూ గంటల తరబడి డ్రైవింగ్, ఏ ఊరు చేరినా అప్పటికే చీకటి, వంటగదులు మూసేసిన రెస్టారెంట్లు. మూడో రోజుకి కార్లో ఇద్దరికీ మాటల్లేవు.

కిందటేడు మా అత్తమ్మ, మామయ్య ఆదిలాబాద్ నుంచి వచ్చి మూడు నెలలు మాతో ఉన్నారు. "పిల్లల్ని మేం చూసుకుంటం, మీరిద్దరు ఎటన్న పోయి రాండ్రి" అని అత్తమ్మే పంపించింది. ఆగస్టులో ఏడు రోజులు మళ్లీ టాస్మేనియాకే వెళ్లాం. ఈసారి ఉన్నది రెండే చోట్ల: క్రేడిల్ మౌంటెన్ దగ్గర మూడు రాత్రులు, బ్రూనీ దీవిలో మూడు రాత్రులు. ఇన్నేళ్లలో మేం అంత తీరిగ్గా కబుర్లు చెప్పుకున్నది లేదు. మా ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు చాలామంది "ఎలా ప్లాన్ చేశారు?" అని అడుగుతున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా తెలుసుకోవాల్సింది పగటి పొడవు. ఇక్కడ చలికాలం జూన్ నుంచి ఆగస్టు దాకా. జూన్ చివర్లో టాస్మేనియా రాజధాని హోబార్ట్‌లో ఉదయం 7:40కి గానీ సూర్యుడు రాడు, సాయంత్రం 4:45కల్లా పొద్దు గూకుతుంది. తొమ్మిది గంటల పగలు. అందుకే రోజుకి ఒక్క పని మాత్రమే పెట్టుకోండి. మిగతా సమయమంతా మీరు దిగిన ఇంట్లోనే గడుస్తుంది. కాబట్టి డబ్బూ శ్రద్ధా ఆ ఇంటి మీద పెట్టండి, చూడాల్సిన చోట్ల జాబితా మీద కాదు.

ఎప్పుడు వెళ్లాలి? మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో స్కూలు సెలవులు జూన్ చివర్లో మొదలై జులై మధ్యకి అయిపోతాయి. అప్పుడు గదులకి రేట్లు ఎక్కువ. జూన్‌లో హోబార్ట్‌లో డార్క్ మోఫో అనే పండగ జరుగుతుంది. మోనా మ్యూజియం వాళ్లు 2013లో మొదలుపెట్టారు. మంటలు, సంగీతం, రాత్రిపూట విందులు, చివర్లో తెల్లవారుజామున వేల మంది నగ్నంగా నదిలో మునగడం. ఆ సందడి కావాలనుకునేవాళ్లు నెలల ముందే గది బుక్ చేసుకోవాలి. ఇద్దరికీ ప్రశాంతత కావాలంటే నా ఓటు ఆగస్టుకే. పగలు కాస్త సాగుతుంది, కొండల మీద మంచు ఇంకా ఉంటుంది.

విమానంలో దీవి ఉత్తరాన ఉన్న లాన్సెస్టన్‌లో దిగి, తిరుగు ప్రయాణం హోబార్ట్ నుంచి పెట్టుకోండి. కారు ఒక చోట తీసుకుని మరో చోట ఇచ్చేయవచ్చు. ఇలా చేస్తే వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు. సొంత కారుతో వెళ్లాలంటే జీలాంగ్ నుంచి డెవన్‌పోర్ట్‌కి రాత్రి ఓడ ఉంది. చలికాలంలో బాస్ జలసంధి ఊపు ఎక్కువ, కడుపులో తిప్పే మనిషిని నేను, కాబట్టి విమానమే ఎక్కాం. ఇండియా నుంచి చూడటానికి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్‌తోనే కారు నడపవచ్చు. ఇక్కడా ఎడమ పక్కనే కాబట్టి ఆ టెన్షన్ లేదు.

బ్యాగు సర్దేటప్పుడు ఒక జాగ్రత్త. టాస్మేనియాలోకి పచ్చి పళ్లు, కూరగాయలు, మొక్కలు, విత్తనాలు తీసుకెళ్లకూడదు. అక్కడి తోటలకి పండు ఈగ బెడద లేదు, దాన్ని రానివ్వకుండా కాపాడుకుంటున్నారు. మొదటిసారి నా హ్యాండ్ బ్యాగులో ఒక కట్ట కరివేపాకు, నాలుగు నిమ్మకాయలు ఉన్నాయి. విమానాశ్రయంలో కుక్క వచ్చి సరిగ్గా ఆ బ్యాగు దగ్గరే కూర్చుంది. నిజం చెప్పి డబ్బాలో పడేశాను. రెండోసారి ఆవకాయ సీసా, కంది పొడి, నెయ్యి మాత్రమే తీసుకెళ్లాం, వాటిని ఎవరూ ఆపలేదు. కూరగాయలు లాన్సెస్టన్‌లో దిగాక సూపర్ మార్కెట్లో కొన్నాం.

బట్టల సంగతి: ఒక్క లావుపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. ఒంటికి అంటుకునే థర్మల్స్, దాని మీద ఉన్ని, పైన వాన ఆపే జాకెట్. జీన్స్ తడిస్తే ఆరవు, కొండ దగ్గర వేసుకోకండి. ఉన్ని సాక్స్ రోజుకి రెండు జతల చొప్పున పెట్టుకోండి.

ఇల్లు బుక్ చేసేటప్పుడు ఫోటోలు నమ్మి ఊరుకోవద్దు. మొదటి ప్రయాణంలో ఒక చోట ఫోటోలో అందమైన పొయ్యి ఉంది. తీరా వెళితే అది అలంకారానికి, లోపల కొవ్వొత్తులు పెట్టారు. గదిలో చిన్న కరెంటు హీటర్ ఒక్కటే. రాత్రంతా కోట్లు వేసుకునే పడుకున్నాం. అందుకని ఈసారి ముందే ఓనర్‌కి మెసేజ్ పెట్టి అడిగాను. కట్టెల హీటర్ నిజంగా పనిచేస్తుందా, కట్టెలు మీరే ఇస్తారా? మంచం మీద ఎలక్ట్రిక్ బ్లాంకెట్ ఉందా? వంటకి స్టవ్ ఉందా, మైక్రోవేవ్ ఒక్కటేనా? తారు రోడ్డు ఇంటి దాకా ఉందా? జవాబు సూటిగా రాని చోట బుక్ చేయలేదు.

కట్టెల హీటర్ వెలిగించడం చాలామందికి రాదు. మా ఆయన చిన్నప్పుడు ఆదిలాబాద్ చలిలో నెగడు చుట్టూ కూర్చుని పెరిగిన మనిషి, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ముందు గాలి వచ్చే మీట పూర్తిగా తెరవాలి. అడుగున నలిపిన పేపర్లు, వాటి మీద చితుకులు అడ్డదిడ్డంగా, మధ్యలో గాలి ఆడేలా పేర్చాలి. అవి బాగా అంటుకున్నాక మణికట్టు లావు కట్టెలు రెండు, అవీ రాజుకున్నాకే పెద్ద మొద్దు. తలుపు మొదట కాసేపు ఓరగా ఉంచి తర్వాత మూసేయాలి. మొద్దు పూర్తిగా అంటుకునే దాకా, కనీసం పావుగంట, గాలి తగ్గించకూడదు. తొందరపడితే పొగ చూరి అద్దం నల్లబడుతుంది. చితుకుల కోసం నేషనల్ పార్కులో పుల్లలు ఏరకండి, అది నేరం.

లాన్సెస్టన్ నుంచి క్రేడిల్ మౌంటెన్‌కి రెండు గంటల పైనే పడుతుంది. మేం షెఫీల్డ్ మీదుగా వెళ్లి, పెట్రోలు అక్కడే నింపుకున్నాం. ఆ ఊరి వెనక నిలబడి ఉండే కొండ మౌంట్ రోలండ్. 1906లో గుస్తావ్ వైన్‌డార్ఫర్ అనే ఆస్ట్రియా దేశస్థుడు, కేట్ అనే ఆమె పెళ్లి చేసుకుని హనీమూన్‌కి ఆ కొండ మీదే గుడారం వేసుకుని ఉన్నారు, మొక్కల నమూనాలు సేకరిస్తూ. 1910లో ఇద్దరూ క్రేడిల్ శిఖరం ఎక్కారు. 1912లో అక్కడి అడవిలో కింగ్ బిల్లీ పైన్ చెక్కతో ఇల్లు కట్టి వాల్డ్‌హైమ్ అని పేరు పెట్టారు, జర్మన్‌లో అడవి ఇల్లు అని అర్థం. కేట్ 1916లో చనిపోయింది. ఆయన ఆ చోటు వదల్లేదు, 1932లో అక్కడే పోయాడు. ఈ అడవి ప్రజలందరిదీ కావాలని ఆయన తిరిగిన తిరుగుడు వల్లే 1922లో దానికి రక్షణ దొరికింది. ఇప్పుడున్న ఇల్లు అదే నమూనాలో తిరిగి కట్టింది. లోపలికి వెళ్లి చూడవచ్చు. ఇంటి వెనక నాచు కప్పిన చెట్ల మధ్య ఇరవై నిమిషాల నడక ఉంది. వాన పడుతున్నా ఆ దారిలో నడవండి. మేమిద్దరం ఒకే గొడుగు కింద, దాదాపు మాట్లాడకుండా నడిచాం. నాకు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా గుర్తుండిపోయింది అదే.

క్రేడిల్ శిఖరం ఎత్తు 1,545 మీటర్లు. అది చాలా రోజులు మబ్బు చాటునే ఉంటుంది, అందుకే మూడు రాత్రులు ఉండమంటున్నాను. మాకు మొదటి రెండు రోజులు కనపడలేదు. మూడో రోజు ఉదయం తెర తీసినట్టు బయటపడింది, నెత్తిన మంచుతో. పార్కు పాస్ ముందే కొనుక్కుని విజిటర్ సెంటర్ నుంచి షటిల్ బస్సులో డవ్ సరస్సుకి వెళ్లాలి. సరస్సు చుట్టూ దారి 6 కిలోమీటర్లు, రెండు మూడు గంటలు. దారి గడ్డకట్టి ఉంటే మొండికి పోకండి, 1940లో కట్టిన చెక్క బోట్ షెడ్ దాకా వెళ్లి వచ్చినా చాలు. సాయంత్రం రానీ క్రీక్ దగ్గర దిగితే గడ్డిలో వాంబాట్లు మేస్తూ కనిపిస్తాయి. పొట్టి కాళ్లతో, బొద్దుగా, మనల్ని పట్టించుకోకుండా తింటూనే ఉంటాయి. దగ్గరికి పోయి తాకకండి. చివరి బస్సు ఎన్నింటికో డ్రైవర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

చీకటి పడ్డాక కారు తీయకండి. వాలబీలు (చిన్న కంగారూలు), వాంబాట్లు ఒక్కసారిగా రోడ్డు మీదకి వస్తాయి. చాలా చోట్ల పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారే దాకా 65 దాటవద్దని బోర్డులు పెట్టారు. కొన్ని అద్దె కార్ల ఇన్సూరెన్స్ రాత్రి ప్రమాదాలకి వర్తించదు, కాగితాలు చదవండి. ఉదయం చెట్ల నీడ పడే మలుపుల్లో, వంతెనల మీద కంటికి కనపడని మంచు పొర ఉంటుంది. మేం రోజూ తొమ్మిది దాటాకే బయల్దేరాం. అద్దం మీద మంచు పేరుకుంటే వేడి నీళ్లు పోయకండి, పగులుతుంది. పాత ప్లాస్టిక్ కార్డుతో గీకేయండి.

సాయంత్రాలు ఏం చేశామంటే, పప్పు, అన్నం, ఆవకాయ. తర్వాత అత్తమ్మ ఇచ్చిన గవ్వలతో అష్టాచెమ్మా. ఫోన్లు పిల్లలతో ఏడింటికి మాట్లాడాక డ్రాయర్లో పెట్టేశాం. ఇది ముందే అనుకుని వెళ్లండి, లేకపోతే పొయ్యి ముందు కూర్చుని కూడా ఎవరి రీల్స్ వాళ్లు చూసుకుంటారు.

నాలుగో రోజు దక్షిణానికి. దారిలో రాస్ అనే చిన్న ఊళ్లో తప్పకుండా ఆగండి. 1836 నాటి రాతి వంతెన మీద డేనియల్ హెర్బర్ట్ అనే ఖైదీ చేయి పడిన 186 శిల్పాలున్నాయి. ఆ పనికి అతనికి క్షమాభిక్ష దొరికింది. ఇక్కడి బేకరీలో స్కాలప్ పై తిన్నాం, కూర పొడి వేసిన గుల్లల మాంసం, వేడివేడిగా. హోబార్ట్‌లో ఆగకుండా కెటరింగ్ వెళ్లి పడవలో కారుతో సహా బ్రూనీ చేరాం.

బ్రూనీలో సరుకులు దొరికే చోట్లు తక్కువ, హోబార్ట్ దాటకముందే కొనుక్కోండి. రెండు భూభాగాల్ని కలిపే సన్నటి ఇసుక మెడని నెక్ అంటారు. చలికాలంలో అక్కడ పెంగ్విన్ల మీద ఆశ పెట్టుకోకండి, షియర్‌వాటర్ పక్షులు కూడా సెప్టెంబరుకి గానీ తిరిగి రావు. అయినా మెట్లెక్కి చూడండి, రెండు వైపులా సముద్రం, గాలి చెవులు కోస్తుంది. పక్కనే పచ్చి ఆయిస్టర్లు అమ్ముతారు. నాకు నచ్చలేదు, ఆయన డజను తిన్నారు.

దక్షిణాన క్లౌడీ బే వైపు ఇల్లు తీసుకున్నది అరోరా కోసం. ఆకాశంలో ఆ వెలుగు కనపడాలంటే చీకటి, దక్షిణం వైపు అడ్డు లేని సముద్రం, చంద్రుడు లేని రాత్రి కావాలి. సూచనలు చెప్పే యాప్ పెట్టుకున్నాం. రెండో రాత్రి పదకొండింటికి టార్చి, ఫ్లాస్కులో అల్లం టీ, ఒక దుప్పటి తీసుకుని ఇంటి ముందు ఇసుకలోకి నడిచాం. కంటికి కనపడింది దక్షిణాన తెల్లటి పొగలాంటి చార మాత్రమే. ఆయన ఫోన్‌ని రాయికి ఆనించి నైట్ మోడ్‌లో పెడితే అదే చార కింద పచ్చగా, పైన గులాబీ రంగులో వచ్చింది. ఫోటో చూశాక ఫోన్ ఆపేసి ఆ తెల్లటి చారనే చూస్తూ గంట సేపు ఒకే దుప్పటిలో కూర్చున్నాం.

విమానం రోజున పడవకి కనీసం గంట ముందు వెళ్లండి, కార్ల వరస పెరిగితే తర్వాతి పడవకే చోటు. మేం తొమ్మిదిలోపే క్యూలో ఉన్నాం. డెక్ మీద చలికి ఆయన మంకీ క్యాప్ నా తలకి పెట్టి, ఫ్లాస్కులో మిగిలిన టీ ఇద్దరికీ పోశారు.